కడబంతి

నా డైరీలో ఒక అబద్ధం ఉంది. 2024 ఆగస్టులో ఒక శనివారం రాత్రి రాసింది. "రెండు పుల్కాలు, కప్పు పప్పు, కీరా ముక్కలు" అని రాశాను. నిజానికి ఆ రాత్రి నేను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక హోటల్లో ముగ్గురు స్నేహితురాళ్ళతో కూర్చుని మటన్ బిర్యానీ తిన్నాను. ఆ తర్వాత ఖుబానీ కా మీఠా కూడా తిన్నాను.

అది నా సొంత డైరీ కాదు. బరువు తగ్గడానికి నేను వెళ్తున్న క్లినిక్‌లో ఇచ్చిన నోటుపుస్తకం. తిన్నదల్లా అందులో రాయాలి. పదిహేను రోజులకోసారి డైటీషియన్‌కి చూపించాలి. ఆ అమ్మాయి నాకంటే పదేళ్ళు చిన్నది, మెత్తగా మాట్లాడుతుంది, ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆమెకి భయపడి అబద్ధం రాశాను. స్త్రీల ఆత్మకథల్లో, ఉత్తరాల్లో ఏం చెప్పారు, ఏం దాచారు, ఎందుకు దాచారు అని వెతికి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. తీరా నా దగ్గరికొచ్చేసరికి రెండు పుల్కాల వెనక ఒక బిర్యానీని దాచేశాను.

దాచింది అదొక్కటే కాదు. ఆ రాత్రి నా పక్కన కూర్చున్న ముగ్గురికీ నేను డైట్ చేస్తున్న సంగతి తెలియదు. వాళ్ళకి చెప్పడానికి ఇంకో రకం సిగ్గు. ఓల్గా 'రాజకీయ కథలు' చదివి, స్త్రీ శరీరం మీద ఎవరెవరి పెత్తనం ఎలా నడుస్తుందో క్లాసులో పాఠం చెప్పే మనిషి, నెలనెలా డబ్బు కట్టి బరువు చూసుకునే మిషన్ ఎక్కుతోందని ఎలా చెప్పను? సన్నబడాలన్న ఒత్తిడి మార్కెట్ తయారుచేసిందని నేనే కదా వ్యాసాలు రాశాను. అలా క్లినిక్ దగ్గర బిర్యానీని దాచాను. స్నేహితురాళ్ళ దగ్గర క్లినిక్‌ని దాచాను. ఒకే శరీరానికి రెండు దొంగలెక్కలు.

అసలు ఈ లెక్కలోకి నేను సన్నబడాలనే కోరికతో రాలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మా అమ్మ ఎడమకాలి బొటనవేలు తీసేశారు. ఇరవై ఏళ్ళ సుగరు. చెప్పు కరిచిన చిన్న పుండు మానలేదు. ఆస్పత్రిలో అమ్మ పక్కన కూర్చున్న రోజుల్లోనే నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే సుగరు గుమ్మంలో నిలబడి ఉన్నట్టు. మన దేశంలో పది కోట్ల మందికి సుగరు ఉందనీ, పదమూడు కోట్లకు పైగా మనుషులు నాలాగా ఆ గుమ్మంలో ఉన్నారనీ 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే అంచనా కట్టింది. నా బరువు 74 కిలోలు. "ఐదు కిలోలు తగ్గండి చాలు" అన్నారు డాక్టరుగారు. ఆ మాట ఊరికే అన్నది కాదు. ఈ గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒంటి బరువులో ఏడు శాతం తగ్గి, వారానికి నూటయాభై నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకుంటే సుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన 2002లోనే తేల్చింది. 74లో ఏడు శాతమంటే ఐదు కిలోలు. అందం సంగతి కాదు, కాలివేళ్ళ సంగతి. అయినా నాకు సిగ్గే వేసింది. ఈ రెండింటినీ విడదీసి చూడటం మనలో చాలామందికి ఇంకా అలవాటు కాలేదేమో అనిపిస్తుంది.

క్లినిక్ వాళ్ళ చార్టు మంచిదే. పొద్దున ఏం తినాలి, మధ్యాహ్నం ఎంత తినాలి, అన్నీ ఉన్నాయి. వండేదెవరు అన్నది మాత్రం లేదు. మా ఇంట్లో అందరికీ ఒక పొయ్యి మీద అన్నం, కూర అవుతుంటే, రెండో పొయ్యి మీద నా జొన్నరొట్టె, నూనె లేని కూర. నా సహచరుడు ఆదివారాలు వంట చేస్తాడు, మిగతా ఆరు రోజులూ నేనే. తక్కువ తినడం కోసం ఎక్కువ వండాల్సి వచ్చింది. మా ఇంట్లో పనిచేసే ఆమెది మహబూబ్‌నగర్ వైపు. ఒకరోజు నేను రొట్టె చేసుకోలేక అవస్థ పడుతుంటే చూసి నవ్వింది. "మేం జొన్నరొట్టె ఇడ్సి బియ్యానికొస్తిమి, మీరు బియ్యం ఇడ్సి జొన్నరొట్టెకొస్తిరి" అంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక వాళ్ళింట్లో రోజూ అన్నం వండటం మొదలైందట. వాళ్ళకి తెల్లన్నం ఒక గెలుపు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకునేసరికి ఆ జొన్నలే కిలో ఎంత పెట్టి కొంటున్నామో ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ చార్టులో చివరి గడి పేరు 'చీట్ మీల్'. నెలకొకసారి ఇష్టమైనది తినొచ్చు. పెళ్ళికో, హోటలుకో వెళ్ళినప్పుడన్నమాట. మొదట్లో ఆ మాటని పెద్దగా పట్టించుకోలేదు. అబద్ధం రాసిన రాత్రి నిద్రపట్టక దాని గురించే ఆలోచించాను. చీట్ అంటే మోసం. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని, డబ్బులిచ్చి, నవ్వుకుంటూ ఒక పూట భోజనం చేస్తే ఎవర్ని మోసం చేసినట్టు?

ఈ మాట ఇంగ్లీషులో కొత్తదేమో కానీ మనకి కొత్తది కాదు. చిన్నప్పుడు విన్న అత్తాకోడళ్ళ కథలు గుర్తున్నాయి కదా. అత్త ఊరెళ్ళగానే కోడలు గారెలు వండుకుని గదిలో తలుపేసుకుని తింటుంది. పట్టుబడుతుంది. అందరం నవ్వుతాం. ఆ కోడలికి అంత ఆకలి ఎందుకుందని ఏ కథా అడగదు. తిండిపోతు, దొంగతిండి, పిల్లిలా తినడం – ఈ మాటలు మగవాళ్ళ మీద వాడగా నేను పెద్దగా వినలేదు. వాళ్ళ విషయంలో అది 'భోజనప్రియత్వం'.

నా థీసిస్ స్త్రీల కథల్లో వంటిల్లు గురించే. విమలగారి 'వంటిల్లు' కవిత దగ్గర మొదలుపెట్టి మూడువందల పేజీలు రాశాను. మసి, పొగ, చాకిరీ, ఊపిరాడనితనం అన్నీ రాశాను. మొన్న తిరగేసి చూస్తే అందులో వండే స్త్రీ ప్రతి పేజీలోనూ ఉంది. తినే స్త్రీ ఎక్కడా లేదు. కథల్లో లేదా, నేను చూడలేదా? రెండూ నిజమే అయ్యుంటాయి. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. మా అమ్మకి పేరు గుర్తుంది. ఆకలి మర్చిపోయింది.

మాది తెనాలి దగ్గర పల్లె. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదని మా నాన్న తరచూ అనేవాడు. మా ఇంట్లో వడ్డించే మనిషి అమ్మే. కడబంతి కూడా అమ్మదే. అది కూడా బంతి కాదు. పొయ్యి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నం, అడుగున ఉన్న పులుసు, మేం వదిలేసిన కూర అన్నీ కలుపుకుని తినేది. పారబొయ్యడం ఎందుకని రెండోసారి కూడా తినేది. ఆకలేసి తిన్నదీ కాదు, ఇష్టపడి తిన్నదీ కాదు. అమ్మ బరువు పెరిగింది హోటళ్ళలో తిని కాదు. మా అందరి మిగుళ్ళు తిని. ఎవరి డైట్ చార్టులోనూ ఈ గడి నాకు కనిపించలేదు.

మళ్ళీ నా సంగతికి వస్తాను. ఆ శనివారానికి ముందు ఆరు వారాలు నేను చార్టుని వ్రతంలా పాటించాను. ఒక్క మెతుకు ఎక్కువ తినలేదు. మూడు కిలోలు తగ్గాను. ఆ రాత్రి బిర్యానీ తిన్నాక, ఎలాగూ తప్పాను కదా అని మీఠా తిన్నాను. ఎలాగూ తప్పాను కదా అని ఆదివారం పూరీలు తిన్నాను. సోమవారం, మంగళవారం కూడా ఏదో ఒకటి. బుధవారం ప్రాయశ్చిత్తంగా ఉపవాసం ఉండి, రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ముందు నిలబడి చల్లన్నం తిన్నాను. నిలబడే. అమ్మలాగే. అలా ఇంకో నెల గడిచేసరికి తగ్గిన మూడు కిలోల్లో రెండు వెనక్కి వచ్చేశాయి.

నాకు క్రమశిక్షణ లేదనుకున్నాను. పరిశోధకురాలి బుద్ధి కదా, తర్వాత దీని గురించి చదివాను. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే మనస్తత్వ పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీం రుచి చూడమన్నారు. మామూలుగా తినే అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకునే అమ్మాయిలు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. 'ఎలాగూ తప్పాను కదా' అన్నది నా ఒక్కదాని మాట కాదని తెలిసి ఎంత తేలికపడ్డానో. అంతకుముందు 1944–45లో మిన్నెసోటాలో 36 మంది మగవాళ్ళని 24 వారాలు అరకడుపుతో ఉంచి చూశారు. యుద్ధానికి వెళ్ళమని నిరాకరించి, ఆ ప్రయోగానికి తమంతట తామే ఒప్పుకున్నవాళ్ళు వాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. ఆడవాళ్ళకి తిండియావ ఎక్కువని ఎవరైనా అంటే ఈ 36 మంది మగవాళ్ళని గుర్తుచెయ్యొచ్చు. సూసీ ఆర్బాక్ 1978లోనే డైటింగే స్త్రీలను అతిగా తినేలా చేస్తుందని పుస్తకం రాసింది. ఆ పుస్తకాన్ని నా థీసిస్‌లో ప్రస్తావించాను కూడా. నాకు అన్వయించుకోలేదు, అంతే.

అప్పుడు చార్టులో చివరి గడిని కొట్టేశాను. దాని బదులు 'హోటల్ భోజనం' అని రాసుకున్నాను. నెలకి రెండుసార్లు. నెలలో తొంభై పూటలుంటాయి. రెండు పూటల్ని శత్రువుల్లా చూసి మిగతా ఎనభై ఎనిమిదినీ పాడుచేసుకోవడం ఎందుకు? డైటీషియన్‌కి పాత అబద్ధం కూడా చెప్పేశాను. ఆమె నవ్వి, "అందరూ రాస్తారు మేడం" అంది. ఆ 'అందరూ' ఎవరో నాకు తెలుసు. ఆ క్లినిక్ వరండాలో ఎప్పుడూ నిండుగా కూర్చునేది ఆడవాళ్ళే.

ఇప్పుడు ఆ రెండు పూటలకీ కొన్ని పద్ధతులున్నాయి. రాత్రి హోటలుకెళ్ళాలని పొద్దున్నుంచి కడుపు మాడ్చుకోను. నకనకలాడే ఆకలితో వెళ్తే మెనూ మనల్ని తింటుంది. ఒక ప్లేటు బిర్యానీ ఇద్దరం పంచుకుంటాం. హైదరాబాదులో ఒక ప్లేటంటే ఇద్దరి తిండే. ముందు కబాబో, పెరుగు పచ్చడో తిని తర్వాత అన్నం మీదికి వెళ్తాను. తియ్యటి డ్రింకులు వద్దంటాను. వాటికోసం నేను ఎప్పుడూ హోటలుకి రాలేదు. మీఠా ఒక కప్పు, నాలుగు చెంచాలు. పది లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్ళు మెనూలో కేలరీలు వెయ్యాలని 2022 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. అవి ఉంటే ఒకసారి చూస్తాను, చూసి నాక్కావలసిందే చెప్తాను. తిన్నాక అందరం ఇరవై నిమిషాలు నడుస్తాం. మర్నాడు పొద్దున మామూలుగా టిఫిన్ తింటాను. ఇదే అన్నిటికంటే ముఖ్యం. ప్రాయశ్చిత్తం లేదు.

మర్నాడు బరువు చూసుకోను కూడా. మొదట్లో చూసి ఏడ్చిన రోజులున్నాయి. రాత్రికి రాత్రి కిలో పైన పెరిగేది. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసినదానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పూటలో అది ఎవరికీ సాధ్యం కాదు. పెరిగేది హోటలు ఉప్పు పట్టి ఉంచిన నీళ్ళు, అన్నంతో పాటు ఒంట్లో నిలవుండే నీళ్ళు. మూడు రోజుల్లో పోతాయి. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పివుంటే ఎన్ని ఉదయాలు బాగుండేవో!

ముగ్గురు స్నేహితురాళ్ళకీ క్లినిక్ సంగతి చెప్పాను. తిడతారనుకున్నాను. ఒకామె థైరాయిడ్ గురించి చెప్పింది. ఇంకొకామె పదేళ్ళుగా తను రాత్రిళ్ళు తినకుండా పడుకుంటున్నానని చెప్పింది. శరీర రాజకీయాల మీద సెమినార్లు పెట్టిన మనుషులం మేం. మా నాలుగు శరీరాల గురించి ఒకరికొకరం చెప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

2025 జనవరిలో అమ్మ కాలు చూపించుకోవడానికి హైదరాబాదు వచ్చింది. ఆస్పత్రి నుంచి వస్తూ ఆంధ్రా భోజనం పెట్టే హోటలుకి వెళ్దామన్నాను. "నాకు సుగరు, నీకు డైటు. మనిద్దరం హోటలుకెళ్ళి ఏం చేస్తామే?" అంది. "కూర్చుంటాం" అన్నాను.

అరిటాకు వేశారు. కూరలు వచ్చాయి. అన్నం గిన్నె బల్ల మీద పెట్టగానే అమ్మ చెయ్యి హస్తం మీదికి వెళ్ళింది. నాకు వడ్డించబోయింది. వడ్డించే కుర్రాడు "మీరు కూర్చోండమ్మా, నేనున్నాగా" అని ఆ హస్తం అందుకున్నాడు. ముందు అమ్మ ఆకులోనే వడ్డించాడు. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి. అమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, చెయ్యి కాలిందేమో ఊదుకుంది.

"వేడన్నం ఎంత బాగుంటుందే" అంది.

నాకు ముద్ద దిగలేదు. యాభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడిన మనిషి. వేడన్నం ఎప్పుడూ మా కంచాల్లోకే వెళ్ళింది. ఆమె తినేసరికి చల్లారిపోయేది.

ఆ రోజు ఆమె రెండు కూరలు, గోంగూర పచ్చడి, కాస్త పెరుగన్నం తింది. కుర్రాడు రెండోసారి అన్నంతో వచ్చేసరికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు నాయనా" అంది. ఇంట్లో అమ్మ నోట 'చాలు' అన్న మాట నేను వినలేదు. గిన్నె ఖాళీ అవ్వడమే ఆమెకి చాలు. కూర్చుని, వేడిగా, వరసగా తింటే ఎక్కడ ఆపాలో ఒంటికి తెలుసన్నమాట. నా ఆకులో సగం మిగిలిన కూర వైపు మాత్రం ఒకసారి చూసింది. నేను ఆకు మడిచేశాను.

ఇదంతా రాస్తున్నప్పుడు ఇంకొక మనిషి గుర్తొస్తూనే ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమెకి నెలకి రెండు హోటల్ భోజనాలు లేవు, డైటీషియనూ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో 24 శాతం ఉండాల్సిన దానికంటే బరువున్నారు. దాదాపు 19 శాతం ఉండాల్సిన బరువు లేరు. 57 శాతానికి రక్తహీనత. లావున్నవాళ్ళూ, బక్కగా ఉన్నవాళ్ళూ ఆ 57లో ఉండి ఉంటారు. కడబంతిలో తినే తిండి ఒకరిని లావు చేస్తుంది, ఒకరిని ఎండగడుతుంది. మేం బిర్యానీ తిన్న హోటలు వెనక సందులో కూర్చుని గిన్నెలు తోమేదీ ఆడవాళ్ళే. వాళ్ళు ఏ వేళకి తింటారో నేను ఇంతవరకూ అడగలేదు. ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం రొట్టెలు చేస్తే ఆమె, నేను ఒకేసారి కూర్చుని తింటున్నాం. ఇదేమీ ఘనకార్యం కాదని నాకు తెలుసు. "రొట్టె గిట్ల గాదు, చెయ్యి తడుపుకోవాలె" అని ఆమె ఇప్పటికీ నా రొట్టెకి వంకలు పెడుతుంది.

ఏడాది తిరిగేసరికి నా బరువు 69. రిపోర్టులో 5.8 వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు, గుమ్మంలోంచి పూర్తిగా వెళ్ళిపోనూ లేదు. డాక్టరుగారు సంతోషపడ్డారు.

నోటుపుస్తకం ఇప్పటికీ రాస్తున్నాను. ఇప్పుడది నాకోసమే. గత శనివారం పేజీలో ఇలా ఉంది: "రాత్రి హోటల్ భోజనం. మటన్ బిర్యానీ సగం ప్లేటు, మిర్చీ సాలన్, పెరుగు పచ్చడి, మీఠా నాలుగు చెంచాలు. నలుగురం. కూర్చుని తిన్నాం. వేడిగా ఉంది."